ఖాళీగా వదిలిన గోల్

నాకు స్కేటింగ్ రాదు. మంచు మీద గోడ పట్టుకోకుండా నిలబడడం కూడా రాదు. అయినా కొన్నేళ్లుగా ఒక ఐస్ హాకీ జట్టు బెంచ్ వెనక, కోచ్ పక్కన, స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడుతున్నాను. బెంగళూరులో ఐస్ హాకీ ఏమిటని మా ఫ్యాక్టరీలో ఇప్పటికీ అడుగుతారు. ఎండాకాలం వస్తే తాగే నీళ్లకే ట్యాంకర్ కోసం చూస్తాం, మీరు ఆ నీళ్లను గడ్డకట్టించి ఆడుకుంటారా అని ఒకాయన అన్నాడు. ఆ మాట కోచ్‌కి చెబితే ఆయన నవ్వి, అతన్ని ఒకసారి ఆటకు పిలుచుకు రమ్మన్నాడు. స్వెటర్ మర్చిపోవద్దని మాత్రం చెప్పమన్నాడు.

నేను లెక్కలు చదువుకున్నవాణ్ణి కాదు. ఇంటర్ తరవాత హిందూపురం వైపు నుంచి పని కోసం వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో చేరాను. ఏ భాగం ఎంత వేగంగా అయిపోతుంది, ఎప్పుడు తెప్పిస్తే లైను ఆగకుండా ఉంటుంది అని చూసుకోవడం నా పని. అందులోంచే లెక్క మీద ఇష్టం పుట్టింది. ఏది ఎన్నిసార్లకు ఒకసారి జరుగుతుంది అనే ప్రశ్న నన్ను వదలదు. పాత పుస్తకాలు కొనుక్కుని, తప్పు చేసి, దిద్దుకుని, నాకు కావలసినంత నేర్చుకున్నాను.

మా అమ్మాయిని స్కేటింగ్‌లో చేర్పించినప్పుడు ఆ రింక్ దగ్గర కూర్చోవడం అలవాటైంది. అది మంచు కాదు, సిమెంటు రింక్. చక్రాల స్కేట్ల మీద హాకీ ఆడతారు. ఏడాది తిరక్కుండా మా అమ్మాయి మానేసింది. నేను మానలేదు. ఒకరోజు కోచ్ కంచె దగ్గరికి వచ్చి, "ఏమప్పా, మీ పాప రావడం లేదు కదా, నువ్వు ఏం లెక్క పెడతా ఉండావు?" అని అడిగాడు. మీ పిల్లలు ఎడమవైపు నుంచే ఎక్కువగా కొడుతున్నారు, గోల్స్ మాత్రం కుడివైపు నుంచి ఎక్కువ పడుతున్నాయి అని చెప్పాను. ఆయన అదేమీ మెచ్చుకోలేదు. కుడివైపు నుంచి ఎందుకు కొట్టరో తెలుసా, ఆ వైపు సిమెంటు పగిలి ఉండాది, చక్రం ఇరుక్కుంటాది అన్నాడు. అందరూ జంకే చోటు నుంచి ఎవరైనా ధైర్యం చేసి కొడితే గోల్‌కీపర్ సిద్ధంగా ఉండదన్నమాట. నా దగ్గర అంకె ఉంది, ఆయన దగ్గర కారణం ఉంది. ఆ రోజు నుంచి ఆయన నన్ను కంచె లోపలికి రమ్మన్నాడు.

ఆయన కుటుంబం తాతల కాలం నుంచి బెంగళూరులోనే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, రింక్‌లో రెండూ కలిసిపోయినది. మడివాళ మార్కెట్ దగ్గర వాళ్ల నాన్నకు సైకిల్ షాపు ఉండేది. ఎవరో రోలర్ స్కేట్లు తెచ్చి, చక్రాలు పట్టేస్తున్నాయి, బేరింగులు మార్చమని ఇచ్చారట. బాగయ్యాయో లేదో చూడాలంటే తొడుక్కోక తప్పదు కదా, అట్లా మొదలైంది అంటాడు. ఆ స్కేట్ల మనిషి తిరిగి వచ్చేసరికి ఈయన షాపు ముందు రోడ్డు మీద చక్కర్లు కొడుతున్నాడు. ఆయన కోప్పడలేదు, సాయంత్రం ఆటకు రమ్మన్నాడు. అలా రోలర్ హాకీలోకి వచ్చి, రాష్ట్రం తరఫున ఆడేదాకా వెళ్లాడు.

మంచు ఆయన జీవితంలోకి ఆలస్యంగా వచ్చింది. నగరంలో ఒక మాల్‌లో చిన్న ఐస్ రింక్ తెరిచారని విని వెళ్లాడు. అప్పటికే పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఇన్నేళ్లు చక్రాల మీద ఆడినవాడికి ఇదేం పెద్ద పని అనుకుని దిగాడు. వేగం బాగానే వచ్చింది. ఆగడమే రాలేదు. చక్రాల మీద వెనకకాలు ఈడిస్తే బండి నెమ్మదిస్తుంది. మంచు మీద అదే చేస్తే కాలు హాయిగా వెనకాలే జారుతూ వస్తుంది, మనిషి మాత్రం ఆగడు. పుట్టినరోజు పార్టీకి వచ్చిన పిల్లల మధ్యలోంచి దూసుకుపోయి గోడకు కొట్టుకుని ఆగాడట. కొత్తగా నేర్చుకునే పిల్లలు పట్టుకోవడానికి అక్కడ ప్లాస్టిక్ పెంగ్విన్లు ఉంటాయి. ఒక పాప తన పెంగ్విన్ తెచ్చి ఈయన ముందు పెట్టి, అంకుల్ ఇది మీరు తీసుకోండి, నాకు వచ్చేసింది అందట. ఈ సంగతి ఆయన ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెబుతాడు.

ఆ చలికాలమే తన స్కేటింగ్ క్లాసులకు సెలవు పెట్టి లడఖ్ వెళ్లాడు. అక్కడ ఒక ఇంట్లో అద్దెకుండి, గడ్డకట్టిన చెరువు మీద రోజూ ఊరి పిల్లలతో ఆడి, బ్లేడును అడ్డంగా తిప్పి ఆగడం నేర్చుకున్నాడు. తిరిగి వచ్చాక ఆ మాల్ రింక్‌లో మా పిల్లలకు ఐస్ హాకీ మొదలుపెట్టి, ఒక పద్ధతి పెట్టాడు. మంచు మీద ఆగడం వచ్చేదాకా ఎవరికీ స్టిక్ ఇవ్వడు. గోల్స్ కొట్టాలని వచ్చిన పిల్లలు వారాల తరబడి ఉత్త చేతులతో పరిగెత్తి ఆగుతుంటే తల్లిదండ్రులు విసుక్కునేవారు. ఫీజు కట్టింది ఆగడానికా అని ఒకాయన అడిగాడు కూడా. మొదటి జట్టు మొదటి పోటీలో ఘోరంగా ఓడింది. మావాళ్లు తలలు వంచుకుని కూర్చుంటే ఆయన అవతలి జట్టు కోచ్‌ని కాఫీకి తీసుకుపోయి, మీరు అంత తొందరగా ఎట్లా మలుపు తిరుగుతున్నారని అడుగుతూ కూర్చున్నాడు.

ఆ తరవాత గెలుపులు వచ్చాయి. ఒకసారి వచ్చాక ఆగలేదు. దక్షిణాది జట్ల పోటీలో మా జట్టు అమ్మాయిలు మళ్లీ మళ్లీ గెలిచారు. కొందరు దేశం తరఫున శిక్షణ శిబిరాలకు వెళ్లారు. వేరే నగరాల కోచ్‌లు వచ్చి పొద్దున్నే రింక్ బయట నిలబడి చూసేవారు. ఆయన మాత్రం వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో చిన్నపిల్లలకు రోలర్ స్కేటింగ్ నేర్పుతూనే ఇల్లు నడుపుకున్నాడు. కప్పులన్నీ ఇంట్లో అటక మీద, పాత షాపు సామాన్ల పక్కన ఉంటాయి.

మంచు మాకు వారంలో ఒక పూట, మాల్ తెరవక ముందు దొరికేది. అప్పటికి ఎస్కలేటర్లు నడవవు. తమకంటే పెద్ద సంచులు భుజాన వేసుకుని అమ్మాయిలు ఆగిన ఎస్కలేటర్ల మీద ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చేవారు. మిగతా రోజులన్నీ సిమెంటు మీదే. అందుకే మంచు మీద గడిపే ప్రతి నిమిషాన్నీ ఆయన ముందే ఆలోచించుకుని వచ్చేవాడు. నా స్టాప్‌వాచ్ పని అక్కడే మొదలైంది. ఐస్ హాకీలో ఎవరూ ఎక్కువసేపు ఆడరు. నిమిషం కూడా కాకముందే బెంచ్ మీదికి వచ్చేస్తారు, ఆట ఆగకుండానే ఇంకొకరు దిగుతారు. ఎవరు ఎంతసేపటికి నెమ్మదిస్తున్నారో నేను చూసి చెప్పేవాణ్ణి.

గోల్‌కీపర్‌కి మాత్రం ఈ మార్పులు లేవు. ఆమె మొదటి నుంచి చివరిదాకా అక్కడే ఉంటుంది. మా గోల్‌కీపర్ మడివాళలో వాళ్లమ్మతో ఉండేది. గుంటూరు వైపు వాళ్లు. తండ్రి లేడు. తల్లి వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆ అమ్మాయి డిగ్రీ చదివే రోజుల్లో స్నేహితురాలి వెంట రింక్‌కి వచ్చింది. స్కేటింగ్‌లో అందరికంటే వెనక. కానీ పక్ అనే ఆ నల్లటి గట్టి రబ్బరు బిళ్ల మీదికి దూసుకొస్తుంటే మిగతా పిల్లలు కళ్లు మూసుకునేవారు, ఈ అమ్మాయి మూసేది కాదు. కోచ్ అది చూశాడు. ఆగడం పూర్తిగా రాకముందే ఆయన స్టిక్ ఇచ్చింది ఒక్క ఆమెకే.

డిగ్రీ అయిపోయిన ఏడాది ఆమెకు లడఖ్‌లో జరిగే చలికాలపు శిబిరానికి పిలుపు వచ్చింది. దేశం జట్టుకు ఆటగాళ్లను అక్కడి నుంచే తీసుకుంటారు. తల్లి ఆమెను బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేర్పించాలనుకుంటోంది. రెండూ ఒకే నెలలో. అమ్మ వద్దంటే వెళ్లను, అమ్మను బాధపెట్టి వెళ్లలేను అని ఆ అమ్మాయి మాతో ముందే చెప్పేసింది. కోచ్ వాళ్లింటికి వెళ్తూ నన్నూ రమ్మన్నాడు.

డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది ఆవిడ. మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. కోచ్ చెప్పినదంతా ఓపిగ్గా విని, చివరికి ఒక్కటే అంది.

"దెబ్బ తగిలాక మా దగ్గరికి వచ్చేవాళ్లనే చూశాను సార్. ఆడుతుండగా ఎవర్నీ చూడలేదు. ఒకసారి వచ్చి చూసి, అప్పుడు చెబుతాను."

దక్షిణాది పోటీ ఫైనల్ ఆ నెలలోనే, ఆ మాల్‌లోనే ఉంది. ఆ రోజు సెలవు పెట్టుకుంటానంది. వెళ్లనిస్తుందో లేదో ఆ ఒక్క ఆట చూసి తేల్చుకుంటుందన్నమాట.

ఇక్కడ ఆట గురించి ఒక సంగతి చెప్పాలి. ఓడిపోతున్న జట్టు ఆఖర్లో తన గోల్‌కీపర్‌ని బయటికి పిలిచేసి, ఆమె బదులు ఇంకో అమ్మాయిని దాడికి పంపవచ్చు. దాడికి ఒక మనిషి ఎక్కువవుతుంది, వెనక గోల్ మాత్రం ఖాళీగా ఉంటుంది. అందరు కోచ్‌లూ చేసేదే, చివరి నిమిషంలో చేస్తారు. మా చిన్న రింక్‌లో గోల్‌కీపర్ కాక ముగ్గురే ఆడతారు కాబట్టి ఆ ఒక్క మనిషి తేడా చాలా పెద్దది. నేను మా ప్రాక్టీసు ఆటల్లో ఇది చాలాకాలం చూస్తూ వచ్చాను. నలుగురు ముగ్గురితో ఆడినప్పుడు మనకు గోలు పడే వేగం ఎంత, ఖాళీ గోల్‌లో మనం పోగొట్టుకునే వేగం ఎంత అని. ఒక గోలు వెనకబడి ఉన్నప్పుడు చివరి నిమిషం దాకా ఆగడం దండగ, మూడు నిమిషాలు ఉండగానే పిలవాలి అని తేలింది. ఎందుకంటే ఒక గోలు తేడాతో ఓడినా రెండు గోల్స్ తేడాతో ఓడినా ఓటమి ఒకటే. సమం చేయడానికి దొరికే సమయమే ముఖ్యం.

కోచ్ మొదట సుమ్నే ఉండప్పా, ఊరుకో అని కొట్టిపారేశాడు. తరవాత కొన్ని చిన్న పోటీల్లో చేసి చూశాడు. కొన్ని ఆటలు పోయాయి, కానీ పోయే ఆటలు కొన్ని దక్కాయి. ఫైనల్‌కి వారం ముందు గోల్‌కీపర్‌ని కూర్చోబెట్టి, ఒక గోలు వెనకబడితే మూడు నిమిషాలప్పుడు చెయ్యెత్తుతాను, వచ్చేసెయ్యి అని చెప్పాడు. ఆ అమ్మాయి సరేనంది. లేచి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఆ రోజు అమ్మ వస్తుంది సార్" అంది. తెలుసు అన్నాడాయన. 

ఆ మాట నాకు కుదురు లేకుండా చేసింది. ఫైనల్ రోజు పొద్దున ఎస్కలేటర్ దగ్గర ఆయన్ని ఆపాను. అన్నా, ఈ ఒక్క రోజు ఆ అమ్మాయిని చివరి నిమిషం దాకా గోల్‌లోనే ఉంచుదాం అని అడిగాను.

"లెక్క ఏమన్నా మారిందా?"

మారలేదన్నాను.

"మరింకేంది?"

వాళ్లమ్మ చూస్తుంది, కూతుర్ని చేతకాక తీసేశారనుకుంటుంది, ఆ తరవాత ఎక్కడికీ పంపదు అన్నాను. ఆయన సంచి కింద పెట్టాడు.

"నాకు తెలియదా అప్పా. ఆ పిల్లకు ఒక మాట చెప్పుండాను. ఈపొద్దు వాళ్లమ్మ ఉండాదని మార్చితే, నువ్వు దీన్ని తట్టుకోలేవని చెప్పినట్టు అయితాది. ఆ పని నేను చేయను."

సంచి ఎత్తుకుని మెట్లెక్కాడు. లెక్క చెప్పినవాణ్ణి నేను, దాని మీద నిలబడింది ఆయన. ఇప్పటికీ ఆ ఎస్కలేటర్ ఎక్కినప్పుడల్లా ఈ మాట గుర్తొస్తుంది.

తల్లి ముందు వరసలో, మా బెంచ్‌కి కాస్త పక్కగా కూర్చుంది. ఒళ్లో హ్యాండ్‌బ్యాగ్, పైన శాలువా. పై అంతస్తులో రెయిలింగ్ పట్టుకుని జనం ఐస్‌క్రీమ్ తింటూ చూస్తున్నారు. ఆట మొదలయ్యాక ఆవిడ పక్ ఎటు పోతుందో చూసే ప్రయత్నమే చేయలేదు, కూతురినే చూసింది. ఆ అమ్మాయి మంచి ఆట ఆడింది. ఒకటి ముంజేతితో ఆపింది, ఒకటి పడుకుని కాలు చాచి ఆపింది. అది ఆపినప్పుడు పైనున్న జనం కూడా చప్పట్లు కొట్టారు. ఆవిడ చప్పట్లు కొట్టలేదు గానీ శాలువా జారిపోయినా సర్దుకోలేదు. అయినా అవతలి జట్టు బలమైనది. రెండుకి ఒకటి వెనకబడ్డాం.

మూడు నిమిషాలని నేను చెప్పాను.  కోచ్ చెయ్యెత్తాడు.

ఆ అమ్మాయి అంత బరువు తొడుగులతో గోల్ వదిలి బెంచ్ వైపు దూసుకొచ్చింది. ఇటునుంచి ఇంకో అమ్మాయి గోడ దూకి దిగింది. అదే క్షణంలో వెనక ఏదో పడిన చప్పుడైంది. చూస్తే తల్లి హ్యాండ్‌బ్యాగ్ కింద పడి ఉంది, ఆవిడ మెట్లు దిగి మా బెంచ్‌లోకి వచ్చేసింది. ఎవరూ ఆపేలోపే కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ప్యాడ్ల మీద నుంచి మోకాలు, చీలమండ నొక్కి చూస్తోంది. ఆట మధ్యలో అలా పరిగెత్తుకు వచ్చారంటే దెబ్బ తగిలిందనే ఆవిడకు తోచింది.

"ఎక్కడ తగిలింది?"

"ఎక్కడా తగల్లేదమ్మా. పిలిచారు, వచ్చాను."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "ఏం తప్పు చేశావని?"

కూతురు ఇంకా రొప్పుతోంది. కోచ్ మంచు మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"తప్పేమీ లేదమ్మా. బాగా ఆడబట్టే ఇంకా ఒక్క గోలు దూరంలో ఉండాము."

ఆవిడ లేచి గోడ పట్టుకుని నిలబడింది. మావాళ్లు అవతలి గోల్‌ని చుట్టేశారు. ఒకటి కొట్టారు, అవతలి గోల్‌కీపర్ ఆపింది. ఇంకొకటి గోల్ స్తంభానికి తగిలి టంగుమంది. బెంచ్ మీద అందరూ అటు చూస్తున్నారు. ఆవిడ ఒక్కతే ఇటు, కూతురు వదిలేసి వచ్చిన ఖాళీ గోల్ వైపు చూస్తోంది. కాపలా మనిషిని పంపించేసి తలుపులు తీసిపెడతారా అని మెల్లగా అంది. నన్నే అడిగిందో, తనలో తాను అనుకుందో తెలియదు.

పక్ మావాళ్ల స్టిక్ మీద నుంచి జారింది. అవతలి అమ్మాయి తమ చివర నుంచే ఒక్కటి కొట్టింది. అది వేగంగా కూడా రాలేదు. రింక్ పొడవునా సాఫీగా జారుతూ వచ్చింది, వెనకాల మా జట్టు అమ్మాయి ఒకతి చేయి చాచి పరిగెత్తుతోంది, అందలేదు. పక్ గీత దాటబోతున్నప్పుడు నా పక్కన ఏదో కదిలింది. బెంచ్ మీద కూర్చున్న గోల్‌కీపర్ కుడికాలు దానంతటదే పక్కకు చాచుకుంది. నేను చూశాను. వాళ్లమ్మా చూసింది.

మూడుకి ఒకటి. దాంతో ఆట అయిపోయినట్టే.

ఒక గోలుతో ఓడినా రెండుతో ఓడినా ఒకటే అని నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. జట్టుకు అది నిజమే. ఆ చాచుకున్న కాలికి నిజం కాదు. ఆ చివరి గోలును ఎవరో ఒకరు మోయాలి, ఆ మనిషి నా లెక్కలో ఎక్కడా లేదు. లెక్క తప్పని ఇప్పుడూ అనను. రేపు మళ్లీ వేసినా అదే వస్తుంది. అది ఎంతవరకు చెప్పగలదో ఆ రోజు కొంచెం తెలిసింది.

రెండు జట్లూ వరసగా నిలబడి చేతులు కలిపాయి. బల్ల దగ్గర పెద్దమనిషి స్కోరు కాగితం తెచ్చాడు, కోచ్ సంతకం పెట్టాడు. తల్లి అక్కడే నిలబడి ఉంది.

"ఆ చివరి గోలు మా అమ్మాయి పేరున రాశారా సార్?"

లేదమ్మా, రూలే అట్ల ఉండాది, గోల్‌కీపర్ లేనప్పుడు పడితే ఆమె మీద రాయరు అని కోచ్ చెప్పాడు. ఆవిడ నమ్మినట్టు లేదు. మా వార్డులో ఏదైనా జరిగితే ముందు డ్యూటీలో ఎవరని అడుగుతారు, పైవాళ్లు చెప్పిందే చేశామన్నా మా పేరే రాస్తారు అంది. కోచ్ కాగితం ఆవిడ చేతికిచ్చాడు. చివరి గోలుకు ఎదురుగా, గోల్‌కీపర్ పేరు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. ఆవిడ అక్కడ వేలు పెట్టింది.

"మరి ఇది ఎవరిది?"

"కాగితంలో ఎవరిదీ కాదు. పిలిచింది నేను. ఎవరన్నా అడిగితే నాదని చెప్పండి."

ఓడిన జట్టు కోచ్ తన ఆటగత్తె తల్లితో ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, మూడు నిమిషాలని లెక్క కట్టింది నేనని నాకూ చెప్పాలనిపించి చెప్పేశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, మళ్లీ ఇట్లాగే ఉంటే మళ్లీ పిలుస్తారా అని అడిగింది. పిలుస్తామన్నాను. కూతురి వైపు తిరిగింది.

"నువ్వు?"

"సార్ చెయ్యెత్తితే వస్తానమ్మా."

ఆవిడ కాగితం తిరిగి ఇచ్చేసి, కింద పడిన హ్యాండ్‌బ్యాగ్ ఎవరో తెచ్చిస్తే తీసుకుని దుమ్ము దులిపింది.

"అట్లాంటివి ఉంటే ఈసారి నాకు ముందే చెప్పండి సార్. పరిగెత్తుకు రాకుండా కూర్చుంటాను."

కోచ్ తల ఊపాడు. కాసేపటికి ఆవిడే మళ్లీ, ఆ లడఖ్‌లో పిల్లలు పడుకునే గదిలో వేడి ఉంటుందా, సాక్సులు ఎన్ని జతలు వేయాలి అని అడిగింది. గదిలో స్టవ్ ఉండాదమ్మా అని చెప్పి, స్కేట్లలోకి మాత్రం ఒకటే జత వేయమన్నాడు ఆయన. చలికని అందరూ రెండేసి తొడుగుతారు, బిగిసిపోయి కాళ్లు ఇంకా చల్లబడతాయి అన్నాడు.

"అవును," అందావిడ, "రక్తం ఆడదు." ఆ ఒక్క విషయం ఆవిడకు మేం విడమర్చి చెప్పే పని లేకపోయింది.